పై పోర్షను

సంపు మూత పక్కన చెప్పులు విడిచి
పాలు పొంగించాం. స్టవ్ మీద మరక మిగిలింది.
రెండు గదులు, కొర్లగుంట, మునిరత్నం మేడ.
కంచిలి నుంచి తెచ్చిన బస్తా విప్పితే
జీడిపిక్కల వాసన గదులన్నీ తిరిగి
కూచునే చోటు దొరక్క
మళ్లీ బస్తాలోకే పోయింది.

జూన్‌లో దిగాం.
వానకని గొడుగు గుమ్మానికి తగిలించాను.
ఆషాఢం పోయింది, శ్రావణం పోయింది,
గొడుగు మీద దుమ్ము.
"ఈడ వానలు కార్తీకంలో గదమ్మే" అంది కింది కుప్పమ్మ,
నాకు నెలలు కూడా రావన్నట్టు.

ఈ ఊరికి అందరూ వచ్చేవాళ్లే.
ఒక రాత్రి, ఒక గుండు, రెండు లడ్డూలు, తిరుగు రైలు.
మావాళ్లూ వస్తారు.
చాపలు పరుస్తాను, వేన్నీళ్లు కాస్తాను.
గుండుకి గంధం రాసుకుంటూ
"అదృష్టవంతురాలివే, నీకు రోజూ దర్శనమే" అంటారు.
వంటింటి కిటికీలోంచి కొండ కనబడుతుంది, నిజమే.
రాత్రయితే మెట్లదారి దీపాలు కూడా.
ఆ కిటికీ ఊచలకే నేను
గిన్నెలు తుడిచే గుడ్డ ఆరేస్తాను.

ఈయన శెట్టిపల్లె షాపులో పాత బోగీలకు రంగులేస్తాడు.
ఒకరోజు సీటు సందులో దొరికిందని
జీడిపిక్క తొక్క ఒకటి జేబులో వేసుకొచ్చాడు.
మనవైపుదే, అన్నాడు.
పలాస అని దాని మీద రాసుందా ఏటి?
అన్నానే గాని పారెయ్యలేదు.
కుట్టు మిషను సొరుగులో, బాబిన్ల మధ్య ఉంది.

ఏడాదిన్నర మర్యాదగా బతికాను.
కింద చప్పుడవుతుందని మెల్లగా నడిచాను.
మేకు కొట్టలేదు,
గోడ మునిరత్నంది.
ఒకటో తారీఖున అద్దె కట్టి
మిగిలిన రోజులు చుట్టంలా ఉన్నాను.

తర్వాత ఆ నీళ్ల రోజు.
రెండ్రోజులకోసారి వచ్చే నీళ్లు. మోటారు నా వంతు.
కుప్పమ్మ స్విచ్చు కట్టేసింది.
ఎక్కడ దాక్కుందో ఇన్నాళ్లూ నా గొంతు,
జీడితోటలో ఈ చివరనుంచి ఆ చివరకి కేకేసే గొంతు,
మెట్లు దిగి నాకంటే ముందు వెళ్లింది.
"ఏటే నీ పెత్తనం? నీళ్లు నీ బాబుగారివేటి?"
"ఎవుర్ని మే నువ్వు అనేది? యాడినుంచో వచ్చి!"
"ఎక్కడినుంచొస్తే నీకేటి? డబ్బులు కట్టనేదా?"
ఆమె తిట్టినదాంట్లో సగం నాకు తెలీలేదు.
నేను తిట్టింది ఆమెకి అసలే తెలీలేదు.
వీధంతా పిట్టగోడల దగ్గరికొచ్చి విన్నది.
పైకొచ్చి, వణుకుతున్న చేతులతోనే
మేకు తీసి గోడకి కొట్టాను.
ఏం తగిలించాలో తోచక
కొలతల టేపు తగిలించాను.

మూడోరోజు గ్యాసు కుర్రాడు వీధిలో అడుగుతున్నాడు.
కుప్పమ్మ జవాబు కిటికీలోంచి వినబడింది.
"ఆ గొంతు పెద్దామె ఇల్లు గదా? పైకి పో నాయనా."
మేడ అనలేదు. పోర్షను అనలేదు.
రవికకి హుక్కులు కుడుతున్నదాన్ని
సూది ఆపి, మళ్లీ అంటుందేమోనని విన్నాను.
అనలేదు.
సాయంత్రం సంగట్లోకని ఊరుబిండి పంపింది.
కారం మండిపోయింది. కావాలనే వేసుంటుంది.

మొన్న అప్ప కూతురి పెళ్లికి కంచిలి వెళ్లాను.
మేమిద్దరం పుట్టిన ఇల్లే,
ఆ గోడలకి ఏటేటా సున్నం కొట్టింది నేనే.
నడిరాత్రి దాహమేసి లేచి
చీకట్లో ఎడమచేత్తో గోడ తడిమాను.
పైకి తడిమాను, కిందికి తడిమాను.
అక్కడ స్విచ్చు లేదు.
"ఏటే, ఏటి వెతుకుతున్నావు?" పక్కమీంచి అప్ప.
"ఏం లేదుమా" అన్నాను.
కాసేపు ఏ చప్పుడూ లేదు.
"మా ఏటే?" అంది అప్ప.